ఎంతమంది జడ్జీలు కాదంటే చట్టం పోతుంది?



మహిళా సంఘంలో పదిమంది ఉన్నారు. ఆరుగురిది ఒక మాట, నలుగురిది ఇంకో మాట. ఆరుగురి మాటే నెగ్గుతుంది కదా! కోర్టులోనూ అంతే. ఐదుగురు జడ్జీలు కలిసి కేసు వింటే, ముగ్గురు చెప్పిందే తీర్పు.

చట్టాలు చేసేది ఓట్లతో గెలిచినవాళ్ళు. ఆ చట్టాలకు పైన రాజ్యాంగం ఉంది. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదని హైకోర్టు, సుప్రీంకోర్టు చెప్పవచ్చు.

1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఇందిరాగాంధీ ప్రభుత్వం రాజ్యాంగాన్ని మార్చింది. అది 42వ సవరణ. చట్టం చెల్లదని చెప్పాలంటే సుప్రీంకోర్టులో కనీసం ఏడుగురు జడ్జీలు కూర్చోవాలన్నారు. వారిలో మూడింట రెండు వంతులమంది ఒప్పుకోవాలన్నారు. అంటే ఏడుగురిలో ఐదుగురు. నలుగురు తప్పని, ముగ్గురు ఒప్పని అన్నారనుకోండి. చట్టం అలాగే ఉంటుంది! ఎక్కువమంది మాట ఓడిపోతుంది. పార్లమెంటు చేసిన చట్టాలను హైకోర్టులు అసలు కొట్టేయకూడదన్నారు.

కోట్లమంది ఓట్లేసి పంపినవాళ్ళు చేసిన చట్టాన్ని ఒక్క జడ్జి తేడాతో తీసేయడమేమిటి అనేవాళ్ళున్నారు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. 1973లో కేశవానంద భారతి కేసు విన్నది పదముగ్గురు జడ్జీలు. ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు మార్చవచ్చు అన్న అంత పెద్ద సంగతి ఒక్కరి తేడాతోనే తేలింది.

కానీ కోర్టు మెట్లెక్కేది ఎవరు? చట్టం వల్ల దెబ్బతిన్న మనిషి. ఆ మనిషికే బరువు పెరిగింది.

1977లో జనతా ప్రభుత్వం వచ్చింది. 43వ సవరణ చేసి ఆ లెక్క తీసేసింది. 1978 నుంచి మళ్ళీ పాత పద్ధతే.

తర్వాత 1983లో ఏమైందో చూడండి. ఒక సినిమా నటిని కాపురానికి పంపమని ఆమె భర్త కడప కోర్టులో కేసు వేశాడు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద కోర్టు అలా ఆదేశించవచ్చు. ఆవిడ హైకోర్టుకు వెళ్ళింది. జస్టిస్ పి.ఎ. చౌదరి కేసు విన్నారు. ఇష్టంలేని కాపురానికి బలవంతపెట్టడం మనిషి స్వేచ్ఛకు, గౌరవానికి విరుద్ధమన్నారు. ఆ సెక్షన్ చెల్లదన్నారు. విన్నది ఒక్క జడ్జి. 42వ సవరణ లెక్కే ఉండి ఉంటే? హైకోర్టు ఆ మాట అనడానికే వీల్లేదు. ఆవిడ ఢిల్లీ వెళ్ళి, ఏడుగురిలో ఐదుగురిని ఒప్పించుకోవాలి.

అయితే ఆ తీర్పు నిలవలేదు. 1984లో సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ సెక్షన్ చెల్లుతుందని చెప్పింది. అది ఇప్పటికీ చట్టంలో ఉంది. అలాంటి నోటీసు ఎవరి ఇంటికైనా వస్తే భయపడి దాచిపెట్టవద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళాలి. అక్కడ ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.