ముఖం లేని సిపాయి: జాతర బొమ్మలతో వార్‌గేమ్, మా తాత పెట్టిన రూల్

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఆ మినియేచర్ బాక్సులు వేలల్లో ఉన్నయ్, మాలాంటోళ్లం ఎట్ల ఆడాలె?" అని. కరెక్టే. నేను కూడా మొదట్లో అంతే. అందుకే ఈరోజు బాక్సులు కొనకుండా, మన వనపర్తిలో దొరికే సామాన్లతో నేను తయారు చేసిన ఆట గురించి చెప్తా. ఇందులో నేను చేసిన పెద్ద తప్పు కూడా ఒకటుంది. అది దాచిపెట్టను.

ముందు రెండు ముక్కల్లో అసలు ఈ హాబీ ఏందో, కొత్తగా వచ్చినోళ్ల కోసం. చిన్న చిన్న సైనికుల బొమ్మలకు మనమే రంగులేసి, టేబుల్ మీద కొలతల ప్రకారం జరుపుతూ, పాచికలేసి యుద్ధం ఆడటం. వందల బొమ్మలతో ఆడేది పెద్ద యుద్ధం. ఐదారు బొమ్మల నుంచి ఇరవై దాకా ఉంటే దాన్ని స్కర్మిష్ అంటారు, అంటే చిన్న కొట్లాట. 1824లో ప్రష్యా సైన్యంలో ఆఫీసర్ల శిక్షణకి ఇట్లాంటి ఆట వాడారు. ఆ తర్వాత 1913లో హెచ్.జి. వెల్స్, అదే టైమ్ మెషిన్ రాసినాయన, 'లిటిల్ వార్స్' అని మామూలు జనం కోసం రూల్స్ బుక్ రాశాడు. 1983లో ఇంగ్లాండులో వార్‌హామర్ వచ్చాక ఇది పెద్ద వ్యాపారం అయింది. చరిత్ర చాలు. పని లోకి పోదాం.

మల్దకల్ తిమ్మప్ప జాతరలో ప్లాస్టిక్ సిపాయిల సంచులు కొన్నా. గద్వాలలో ఉండే నా దోస్తు ఇంకో సంచి తెచ్చిండు, అందులో గుర్రాల మీద కౌబాయ్‌లు. బొమ్మ ఎత్తు సుమారు రెండు అంగుళాలు. ఇప్పుడు ఎక్కువమంది ఆడేది 28 మిల్లీమీటర్ల బొమ్మలతో, అంటే అంగుళం పైన కొంచెం. మనవి పెద్దవి. పర్లేదు, వెల్స్ ఆడింది కూడా దాదాపు ఈ సైజు బొమ్మలతోనే. కౌబాయ్ టోపీలు బ్లేడుతో కోసేసి, ఎం-సీల్ కలిపి సన్నగా తాడులాగ చేసి తలకు చుట్టినా. తలపాగా రెడీ. వేలు తడి చేసుకోండి, లేకపోతే ఎం-సీల్ బొమ్మకు కాదు, మీకే అంటుకుంటది.

గుర్రాల మీద ఎవర్ని పెట్టాలె అనేది నాకు ముందు నుంచీ క్లియర్. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అని ఏరియా ఉంది కదా. నేను చిన్నప్పుడు ఏసీ అంటే కూలర్ లాంటి ఏసీ అనుకున్నా, నవ్వకండి. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు, గుర్రపు దళం. ఆ దళం మొదలు మన వనపర్తి సంస్థానంలోనే ఉంది. 19వ శతాబ్దంలో మొదటి రామేశ్వరరావు దగ్గర ఉన్న దళం తర్వాత నిజాం కొలువులోకి పోయింది. వాళ్ల వారసులు ఇప్పటికీ ఆ ఏరియాలో ఉన్నారు. హైదరాబాద్ బరాత్‌లలో మీరు ఎగిరే మర్ఫా ఉంది చూడండి, అందులో వాళ్ల చెయ్యి చాలా ఉంది. రాజావారి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తుంది. అక్కడ చదివినోళ్లలో ఎంతమందికి ఈ గుర్రపోళ్ల సంగతి తెలుసో నాకైతే డౌటే.

సరే, పెయింటింగ్. మొదటి బ్యాచ్ మొత్తం పాడు చేసినా. ఈ మెత్తటి ప్లాస్టిక్ మీద రంగు డైరెక్టుగా వేస్తే, ఎండినంక బానే కనిపిస్తది. వారం రోజులు చేతుల్ల తిరిగితే కత్తుల దగ్గర, కాళ్ల దగ్గర పొట్టు లేచినట్టు లేస్తది. ప్లాస్టిక్ వంగుతది, రంగు వంగదు, అంతే కారణం. ముందు గిన్నెలు తోమే సబ్బుతో కడగండి, దాని మీద జిడ్డు ఉంటది. ఆరినంక ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి ఒక పల్చటి పూత. అది కొద్దిగా సాగుతది. దాని మీద యాక్రిలిక్ రంగు. స్టేషనరీ షాపులో దొరికే చిన్న ఫెవిక్రిల్ సీసాలు చాలు.

ఇంకో సమస్య మన ఎండ. ఏప్రిల్‌లో పాలమూరు దిక్కు యాక్రిలిక్ ప్లేటు మీద వేసి ఫోన్ చూసి వచ్చేలోపు గట్టిపడతది. పాత టిఫిన్ డబ్బా తీసుకోండి. అడుగున తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపరు, ఆ పేపరు మీద రంగు. మూత పెడితే రేపటికి కూడా తడిగనే ఉంటది. దీన్ని వెట్ పాలెట్ అంటారు, ఆన్‌లైన్‌లో బాగా రేటు పెట్టి అమ్ముతారు.

ఇప్పుడు ఆ తప్పు సంగతి.

మూడు గుర్రాలు, పదిహేను మంది కాల్బలం పూర్తి చేసి తాత ముందర పెట్టినా. తాతకు కంటి ఆపరేషన్ అయి అప్పటికి రెండు నెలలు. ఒక్కొక్కటి వెలుతురుకు పట్టుకుని చూసిండు. కాల్బలాన్ని చూసి "మంచిగున్నయ్ రా" అన్నడు. గుర్రపోణ్ణి పట్టుకుని చాలాసేపు తిప్పి చూసి,

"వీడెవడ్రా? వీనికి మొఖం లేదు" అన్నడు.

"హబ్షీ సిపాయి తాతా. మన రాజు దగ్గర ఉండెటోళ్లు."

"అది తెలుసు నాకు. మొఖం ఏది అంటున్న. గుర్రం కళ్లు గూడ కనవడుతున్నయ్, వీనియి కనవడ్త లేవు."

నేను సీసాలోంచి నల్ల రంగు తీసి నేరుగా మొఖానికి పూసినా, ఫ్రెండ్స్. కాల్బలంలో మనలాంటి బొమ్మల మొఖాలకు నాలుగు షేడ్‌లు వేసిన చెయ్యి అది. గుర్రానికి కూడా మూడు షేడ్‌లు వేసినా. ఈ ముగ్గురికి మాత్రం ఒక్క నలుపు. తాత కళ్ల మీద నెపం పెడదామనుకున్నా, నోరు రాలేదు. ఏ సిపాయిల గురించి అందరికీ చెప్పాలని మొదలుపెట్టినానో, వాళ్లనే మొఖం లేకుండా చేసినా.

ఆ రాత్రి మళ్లీ కూర్చున్నా. మనిషి చర్మం ఎంత నల్లగా ఉన్నా అది సీసాలోని నలుపు కాదు. బర్న్ట్ అంబర్ అని ముదురు గోధుమ రంగు దొరుకుతది, అందులో చుక్క నీలం కలిపి మొదటి పూత. తర్వాత అదే గోధుమ రంగు ఒట్టిది, ముక్కు మీద, చెంపల మీద, నుదుటి మీద. మూడోసారి దాంట్లో కొంచెం ఎల్లో ఓకర్ కలిపి, ముక్కు కొస, పై పెదవి, కనుబొమ్మ ఎముక, అంతే, సన్నటి గీతలు. చివరికి పల్చటి ముదురు నీళ్ల రంగు ఒకసారి పారిస్తే సందుల్లో దిగుతది, కళ్ల గుంతలు వాటంతట అవే తేలుతయ్. కంటి తెలుపుకి పూర్తి తెలుపు వాడొద్దు, భయపడ్డట్టు కనిపిస్తడు. బట్టలకైతే నేను మన ఎర్రమట్టి దుమ్ము రంగు కొట్టినా. ఈ నేలల మీద గుర్రం ఉరికితే ఏ యూనిఫాం అయినా సాయంత్రానికి ఆ రంగే. మూడు మొఖాలకు మూడు రాత్రులు పట్టింది.

ఇంక ఆట. మీకు పులి-మేక తెలుసు కదా? మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు చుక్కలు. కొన్ని ఊర్లలో లెక్క మారుతది. బండల మీద గీసి రాళ్లతో ఆడేది. నాగర్‌కర్నూల్ దాటి అమ్రాబాద్ దిక్కు పోతే నల్లమలలో నిజం పులులే ఉన్నయ్, అది వేరే సంగతి. ప్రపంచంలో ఎక్కువ ఆటల్లో రెండు వైపులా సమాన బలం. చదరంగం అంతే. మన పులి-మేకలో ఒకరు తక్కువ మంది, బలం ఎక్కువ. ఇంకొకరు ఎక్కువ మంది, ఒక్కడు ఒక్కడిగా ఏం చేయలేడు. స్కర్మిష్ ఆటకు ఇంతకన్నా మంచి పునాది ఏముంటది?

మూడడుగుల చాప మీద ఆడినం. గుర్రం ఎనిమిది అంగుళాలు, కాల్బలం నాలుగు. కొలవడానికి టైలర్ టేపు. మేకల్లాగనే కాల్బలం ఒక్కో వంతుకు ఒక్కడు చొప్పున అంచు నుంచి దిగుతడు. గుర్రం దగ్గరికొస్తే పాచిక వేయాలె, 4 గానీ పైన గానీ పడితే కాల్బలం ఒకడు ఔట్. ఆరుగురు పోతే గుర్రాల గెలుపు. మూడు గుర్రాలను కదలకుండా చేస్తే కాల్బలం గెలుపు.

నేనూ గద్వాల దోస్తూ ఐదు ఆటలు ఆడినం. ఐదూ గుర్రాలే గెలిచినయ్. బోర్. పాచిక మార్చాలా, దూరం తగ్గించాలా అని మేం లెక్కలు వేస్తుంటే తాత మంచం మీద నుంచే అన్నడు. "పులి మేకను దూకాల్నంటే ఎనక జాగ ఉండాలె గద. నీ గుర్రానికి ఆ కట్టుబాటు ఎందుకు లేదు?"

ఆ ఒక్క రూల్ పెట్టినం. కాల్బలం బొమ్మ వెనక మూడు అంగుళాలు ఖాళీ ఉంటేనే గుర్రం దాడి చేయాలె. వెనక ఇంకొకడు నిలబడితే దాడి లేదు. ఆట మొత్తం మారిపోయింది. కాల్బలం చెల్లాచెదురుగా ఉంటే చస్తరు, ఇద్దరిద్దరు వరుసగా నిలబడితే బతుకుతరు. నిజం యుద్ధాల్లో కూడా కాల్బలం గుర్రాలను ఆపింది ఇట్ల దగ్గరదగ్గరగా నిలబడే. ఇంకొకటి, ఒక గుర్రానికి అంగుళం లోపల ముగ్గురు చేరితే అది కదలదు.

ఆ తర్వాత తాత కాల్బలం తీసుకున్నడు, నేను గుర్రాలు. మొదటి పది వంతులు ఆయన నా వైపు రాలేదు. మూలల్లో జతలు జతలుగా పెట్టుకుంటూ పోయిండు. ఇద్దర్ని కావాలనే విడిగా వదిలిండు, నేను ఆశపడి తిన్నా. తినడానికి పోయిన రెండు గుర్రాలు వెనక్కి రాలేదు. మూడోదాన్ని పట్టడానికి ఇంకో పావుగంట.

బొమ్మలు డబ్బాలో సర్దేటప్పుడు తాత ఒక గుర్రపోణ్ణి పక్కకు తీసి మళ్ల వెలుతురుకు పట్టుకున్నడు. "ఇప్పుడు ఎవడో తెలుస్తున్నడు" అని డబ్బాలో పెట్టిండు.

నాకు మొత్తం ఖర్చు ఐదు వందల లోపే అయింది, చాప ఇంట్లోదే. వచ్చే ఎపిసోడ్‌లో అట్టపెట్టెలతో కోట గోడ ఎట్ల కట్టాలో చూపిస్తా, గద్వాల కోట చూసి కొలతలు రాసుకొచ్చినా. ఈలోపు మీ ఊర్లో పులి-మేకను ఏమంటరు, ఎన్ని మేకలతో ఆడతరు, ఇంట్లో పెద్దోళ్లను అడిగి కింద రాయండి. ఉంటా మరి.