రైలు ప్రయాణమున విరామము



టికెట్టు కొన్నవానికి మార్గమధ్యమున దిగి విశ్రమించు హక్కు కలదా? దీనికి మన కాగితపు టికెట్టు ఒకవిధముగను, మహానగరముల స్మార్ట్ కార్డు మఱియొకవిధముగను సమాధానము చెప్పుచున్నవి. మన బిడ్డలు కొందఱు లండనులో కాపురమున్నారు. వారిని చూడబోవు వృద్ధులకు ఈ భేదము తెలియుట యవసరము.

మన రైల్వే నియమము ప్రకారము, 500 కిలోమీటర్లకు మించిన టికెట్టు గలవాడు, మొదటి 500 కిలోమీటర్లు గడచిన పిమ్మట త్రోవలో దిగవచ్చును. 1000 కిలోమీటర్ల వఱకు ఒక పర్యాయము, అంతకు మించినచో రెండు పర్యాయములు. దిగిన దినమును, మరల నెక్కు దినమును విడిచి రెండు దినములు నిలువవచ్చును. దిగినచోట టికెట్టుపై వ్రాయించుకొనవలెను. రాజధాని, శతాబ్ది వంటి బండ్లకు ఈ సౌకర్యము లేదు. ఇచ్చట గడువు దినములలో లెక్క, వ్రాయువాడు మనుష్యుడు.

లండనులో 2003లో ఆయిస్టర్ అను కార్డు వచ్చినది. స్టేషను ద్వారమున లోనికి పోవునపుడొకసారి, వెలికి వచ్చునపుడొకసారి దానిని యంత్రమునకు తాకింపవలెను. ఈ రెండు తాకిళ్ల నడుమ కాలమునకు హద్దు కలదు. చిన్న ప్రయాణమునకు ఇంచుమించు గంటన్నర, అనగా మూడు ముప్పాతిక ఘడియలు. దాటు మండలములు పెరిగినకొలది గడువును పెరుగును. హద్దు మీఱినచో యంత్రము ఆ యొక్క ప్రయాణమును రెండు అసంపూర్ణ ప్రయాణములుగా నెంచి, రెండింటికిని గరిష్ఠపు చార్జీ తీసికొనును.

ఈ నియమము అన్యాయమని నేననను. హద్దే లేకున్న, ఒకడు దినమంతయు బండ్లలో తిరిగి, ఎక్కినచోటికి పక్క స్టేషనులో దిగి, స్వల్పపు పైకముతో బయటపడును. కాని మోకాళ్ల నొప్పిచే బల్లపై కూర్చున్న ముదుసలికిని, అట్టి మోసగానికిని యంత్రము భేద మెఱుగదు. చిక్కంతయు నిందే యున్నది.

కావున విశ్రాంతి కావలసినవారు ద్వారము వెలుపలకు వచ్చి విశ్రమింపుడు. అప్పుడు రెండు సక్రమమైన చార్జీలు పడును. అవి రెండు గరిష్ఠపు చార్జీలకంటె తక్కువ. దినమునకింతకు మించి తీసికొనరాదను పరిమితియు వానికి వర్తించును. గరిష్ఠపు చార్జీకి వర్తింపదు. యూస్టన్, యూస్టన్ స్క్వేర్ వంటి సమీపపు స్టేషనుల నడుమ, నిర్ణీత నిమిషములలో వీధివెంట నడచి మరల లోనికి పోయినచో, అది యొకే ప్రయాణముగా లెక్కకు వచ్చును. బండి యాలస్యముచే గడువు మీఱినచో సిబ్బంది నడుగుడు. అధికముగా తీసికొన్నది తిరిగి పొందవచ్చును.

బస్సుల విషయమున ఆ నగరము ఉదారమైనది. 2016లో వచ్చి 2018లో విస్తరించిన పద్ధతిచే, మొదటి తాకిడి నుండి గంటలోపల ఎన్ని బస్సులెక్కినను చార్జీ యొక్కటే. గంటలోపల ఎక్కిన చాలును; దిగుట యాలస్యమైనను చింతలేదు.

మన హైదరాబాదులోను 2017 నుండి మెట్రో కలదు. అచ్చటను ద్వారము లోపల నిలుచుటకు కాలపరిమితి యున్నది. పోవుటకు ముందే అడిగి తెలిసికొనుడు. అధికారులకు నా మనవి యొక్కటే: గడువు నిర్ణయించునపుడు పడుచువాని నడకను గాక, ముదుసలి నడకను కొలతగా గైకొనవలెను, ద్వారమునొద్ద క్షమించు నధికారము గల మనుష్యు నొకని నిలుపవలెను.