సూర్యుడి పొలిమేర



సూర్యుడి నుంచి నిరంతరం వీచే విద్యుదావేశ కణాల ప్రవాహమే సౌరపవనం. అది ఎక్కడ ఆగుతుంది? 1977లో అమెరికా పంపిన వాయేజర్-1 నౌక 2012 ఆగస్టు 25న ఆ పొలిమేర దాటింది. కానీ దాటినట్టు రుజువేది? సౌరకణాలు తగ్గాయి, బయటి విశ్వకిరణాలు పెరిగాయి. అయస్కాంత క్షేత్రం దిశ మాత్రం మారలేదు. అందుకని శాస్త్రజ్ఞుల మధ్య ఏడాది పాటు వాదోపవాదాలు నడిచాయి. ప్లాస్మాను నేరుగా కొలిచే పరికరమేమో 1980లోనే మూలపడింది.

అప్పుడు సూర్యుడే సాయపడ్డాడు. 2012 మార్చిలో సూర్యుడిపై జరిగిన విస్ఫోటనం తాకిడి 13 నెలలు ప్రయాణించి నౌకను చేరింది. అక్కడి ఎలక్ట్రాన్లు కంపించాయి. అవి ఎంత దట్టంగా ఉంటే కంపనం అంత వేగం. నౌకకున్న పది మీటర్ల యాంటెనాలు రెండూ ఆ తరంగాలను పట్టుకున్నాయి. సెకనుకు సుమారు 2,600 కంపనాలు! అంటే ఘన సెంటీమీటరుకు 0.08 ఎలక్ట్రాన్లు, పొలిమేర లోపలికన్నా నలభై రెట్లు ఎక్కువ. నౌక బయటపడిందని అయోవా విశ్వవిద్యాలయ ఆచార్యులు డాన్ గర్నెట్ బృందం 2013 సెప్టెంబరులో ప్రకటించింది.

గురు, శని గ్రహాలను చూడమని పంపిన నౌక అది. అప్పగించిన పని 1980లోనే పూర్తయింది. ఈ కబురు మాత్రం ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా గడిచాక చెప్పింది. ఈ సభలో ఉన్న మనకు ఆ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.