ఒక్కపొద్దు – శరీరపు జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



నేరేడుచర్ల ప్రాంతమున ఉపవాసమునకు జనులు వాడు మాట ఒక్కపొద్దు. పండితులు ఉపవాసమనిరి, భగవంతుని సమీపమున వసించుట యని దానికి అర్థము చెప్పిరి. పల్లెజనులు మాత్రము వేళనుబట్టి పేరు పెట్టిరి. శనివారము ఒక్కపొద్దు, కార్తిక సోమవారము ఒక్కపొద్దు, మేళ్లచెరువు జాతరనాడు శివరాత్రి ఒక్కపొద్దు. రంజాను మాసమున ముస్లిము సోదరులు పట్టు దీక్షను గూడ పల్లెలలో ఒక్కపొద్దనియే చెప్పుకొందురు. జాన్‌పహాడు దర్గాకు ఇరుమతములవారును కలిసి పోవు ఈ సీమలో ఆ మాట ఉభయులకును ఉమ్మడి సొత్తు. నేడు పట్టణములలో ఎనిమిది గంటల లోపల తిని, తక్కిన పదునారు గంటలు మానవలెనని బోధించుచున్నారు. ఆ బోధ పేరు క్రొత్తది. వస్తువు క్రొత్తది కాదు.

అయినను ఒక ప్రశ్న కలదు. పూర్వులు పుణ్యము కొఱకు ఒక్కపొద్దుండిరి. నేటివారు బరువు తగ్గుటకు ఉండుచున్నారు. పుణ్యపు లెక్కయు, బరువు లెక్కయు ఒక్కటియేనా?

ఈ ప్రశ్న ఈ సీమకు ఎట్లు వచ్చినదో ముందు చూడవలెను. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. అంతకు పూర్వము ఇచ్చటి భూమిలో ఎక్కువ భాగము మెట్ట. జొన్న, సజ్జ, ఆముదము పండెడివి. చాలమంది ఇండ్లలో వరియన్నము పండుగనాటి భోజనము. ఎడమకాలువ వచ్చినది, మెట్ట మాగాణియైనది, మిర్యాలగూడెము దారి పొడుగున బియ్యపు మిల్లులు వెలసినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పేదవాని కుండలోనికి వచ్చినది. 2025 మార్చి 30, ఉగాదినాడు, ప్రక్కనున్న హుజూర్‌నగరములోనే మనిషికి ఆరుకిలోల సన్నబియ్యపు పంపిణీ ప్రారంభమైనది. ఆకలి తీర్చిన ఈ కార్యములను ఎవ్వరును తక్కువగా ఎంచరాదు.

కాని అదే కాలమున నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. మోట పోయి కరెంటు మోటారు వచ్చినది. కొడవలి పోయి కోతయంత్రము వచ్చినది. నడచిపోవు పొలమునకు మోటారుసైకిలు వచ్చినది. జమ పెరిగెను, ఖర్చు తగ్గెను. మిగిలిన నిల్వ ఎచ్చటికి పోవును? నడుము చుట్టును చేరును.

లెక్క వ్రాయువానికి జమ, ఖర్చు, నిల్వ అను మూడు మాటలు చాలును. శరీరమునకు ఆహారము జమ. ఊపిరి, గుండె కొట్టుకొనుట, వేడిని నిలుపుకొనుట, నడక, పని ఖర్చు. మిగిలినది కొవ్వుగా నిల్వ. ఈ ఖాతాలో రూపాయివంటి కొలమానము కెలోరి. పిండిపదార్థము గ్రాముకు 4, మాంసకృత్తు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 కెలోరీలు. నూరుగ్రాముల బియ్యమున సుమారు 350. చిన్న చెంచాడు నూనెలో 45. ఒక కిలో కొవ్వు కరుగవలెనన్న సుమారు 7,700 కెలోరీల లోటు చూపవలెను. రోజుకు 500 తగ్గించువాడు మొదట పదునైదు దినములకు కిలో తగ్గును. తరువాత ఆ తగ్గుదల నెమ్మదించును. దేహము చిక్కినకొలది దాని ఖర్చును తగ్గును గదా!

1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అది 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము, కూర్చుండి పనిచేయు 65 కిలోల పురుషునకు దినమునకు 2,110 కెలోరీలు చాలును. కాయకష్టము చేయు అదే బరువు పురుషునకు 3,470 కావలెను. 55 కిలోల స్త్రీకి ఈ అంకెలు 1,660, 2,720. తాత నాగలి పట్టినవాడు. మనుమడు కొట్టులో కూర్చుండువాడు. కంచము మాత్రము తాతదే. ఇరువురి అవసరమునకు నడుమ తేడా 1,360 కెలోరీలు. అనగా దాదాపు నాలుగువందల గ్రాముల బియ్యము. మనుమడు తాతకంటె తిండిపోతు కాడు. తాత కంచమును మార్చుకొనని మనుమడు మాత్రమే.

ఇట్టి మనుమనికి ఒక్కపొద్దు మేలు చేయునా? చేయును, కాని ఆ ఒక్కపొద్దు నిజమైనది కావలెను. ఫలాహారమనగా పండ్లు తినుట. వాడుకలో అది పలారమైనది. పలారము ఉప్మా అయినది. ఉప్మా పూరీ అయినది. శనివారము రాత్రి అన్నము మానితినని సంతోషించువాడు నాలుగు పూరీలు, రెండు గారెలు తిని పరుండును. చిత్రగుప్తుని పుస్తకములో అది ఒక్కపొద్దుగా పడినను పడవచ్చును. శరీరపు పుస్తకములో పడదు.

ఈ మాటకు శాస్త్రసాక్ష్యము కలదు. చైనాదేశపు గ్వాంగ్‌జౌ నగరములో 139 మంది స్థూలకాయులను ఒక సంవత్సరము పరీక్షించిరి. అందఱికిని కెలోరీల కట్టడి ఒక్కటియే. ఒక వర్గమువారు ఉదయము 8 మొదలు సాయంకాలము 4 గంటల లోపలనే తినిరి. రెండవ వర్గమువారికి కాలనియమము లేదు. ఏడాదికి మొదటివారు సగటున 8 కిలోలును, రెండవవారు 6.3 కిలోలును తగ్గిరి. ఆ భేదము గణితశాస్త్రరీత్యా లెక్కకు రాదని 2022లో ప్రకటించిరి. అనగా గడియారము చేనికి కావలివాడు. పంటను కాపాడును గాని తాను పండింపడు. రాత్రి తొమ్మిది తరువాత చిరుతిండి జోలికి పోకుండ ఆపుటకు వేళానియమము మంచి కావలి. లోపల తిన్నదానికి మాత్రము లెక్క తప్పదు.

ప్రాచీనులు ఈ సంగతి ఎఱుగనివారు కారు. చరకసంహితా సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయములో అతిస్థూలుని, అతికృశుని ఇరువురను చెప్పి, వారిలో స్థూలునికి చికిత్స కష్టమనినాడు. తరువాతి అధ్యాయములో దేహమును తేలిక చేయు లంఘనమును పదివిధములుగా విభజించినాడు. అందు ఉపవాసము ఒకటి మాత్రమే, వ్యాయామము మఱియొకటి. లంఘనమనగా పస్తుండుట యొక్కటియే యనుకొనువారు పదింట తొమ్మిదిని విడిచినవారు. వాగ్భటుడు కడుపును నాలుగు పాళ్లు చేసి రెండు పాళ్లు అన్నమునకు, ఒక పాలు పానమునకు ఇచ్చి, నాలుగవది వాయువునకు ఖాళీగా ఉంచుమన్నాడు. గీతలో శ్రీకృష్ణుడు అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము లేదనినాడు. అందఱును చెప్పినది మితము.

తెలుగునాట ఈ కాలమున ఆహారనియమమును ఇంటింటి మాట చేసినవారు కలరు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు లేని వంటను, పెందలకడ ముగించు రాత్రి ఆహారమును, ఉపవాసమును ప్రచారము చేసిరి. వీరమాచనేని రామకృష్ణ బియ్యము, చక్కెర మాని కొవ్వు హెచ్చుగా తీసికొను విధానమును, ద్రవాహారమును చెప్పగా 2018 ప్రాంతమున అది ఊరూర చర్చ అయినది. ఆ మార్గములలో బరువు తగ్గితిమని చెప్పువారు కలరు. ఆక్షేపించిన వైద్యులును కలరు. ఒకరు అన్నము వలదందురు, మఱొకరు నూనె వలదందురు. తగ్గినవారి పుస్తకము తెఱచి చూచినచో జమ తగ్గినదనియే కనబడును. ఏ మార్గమును ఏండ్ల తరబడి నిలుపుకొనగలరో అదియే వారికి తగిన మార్గము.

నిలుపుకొనుటయే కష్టము. అమెరికాలో స్థూలకాయులు కాని ఆరోగ్యవంతులు రెండేండ్లు ఆహారమును నూటికి 25 పాళ్లు తగ్గింపవలెనని పూనుకొనిరి. వైద్యులు వెన్నంటి యున్నను సగటున 12 పాళ్లు మాత్రమే తగ్గింపగలిగిరి. అతిగా తగ్గించిన ఏమగునో 1944–45లో మిన్నెసోటాలో తెలిసినది. 36 మంది యువకులు స్వచ్ఛందముగా ఇరువదినాలుగు వారములు అర్ధాకలితో ఉండిరి. బరువులో దాదాపు నాలుగవవంతు పోయినది. దానితో ఉత్సాహమును పోయినది. పగలు రాత్రి తిండి ధ్యాసయే వారిని పట్టుకొన్నది. 2016లో జపాను శాస్త్రజ్ఞుడు ఒసుమికి నోబెలు బహుమతి వచ్చినది మొదలు, పస్తుండిన కణములు తమ చెత్తను తామే శుభ్రము చేసికొనునని అందఱును చెప్పుచున్నారు. ఆయన దానిని పరిశోధించినది ఈస్టు కణములలో. దానినిబట్టి మనుష్యుడు ఇన్ని గంటలు పస్తుండవలెనని తీర్పు చెప్పుట సాహసము.

ఇపుడు అసలు భయము చెప్పవలెను. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి సుమారు 30 మంది అధికబరువు గలవారు; సుమారు 19 మంది ఉండవలసినదానికంటె చిక్కినవారు; 57 మందికి పైగా రక్తహీనత గలవారు. ఒకే వీధిలో ఇరువురును కలరు. నీడపట్టున కూర్చుండు గృహస్థునకు చెప్పిన ఉపవాసమును, నడుము వంచి నాటు వేయు కూలితల్లి విని ప్రొద్దుటి బువ్వ మానినచో ఆమెకు తగ్గునది కొవ్వు కాదు, కండ, ఆపై నెత్తురు. ఆమె పుస్తకములో నిల్వయే లేదు. లోటు చూపుటకు నిల్వ ఉండవలెను గదా!

గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు, చిక్కిన వృద్ధులు ఒక్కపొద్దు జోలికి పోరాదు. చక్కెరవ్యాధికి ఇన్సులిను సూది గాని, చక్కెరను దించు కొన్ని మాత్రలు గాని వాడువారు డాక్టరు నడుగక పస్తుండరాదు. మందు తన పని తాను చేయును. దించుటకు చక్కెర లేకపోయినచో చెమటలు పట్టును, చేతులు వణకును, స్పృహయే తప్పవచ్చును. వేగముగా బరువు తగ్గినవారికి పిత్తాశయములో రాళ్లు పుట్టుటయు కలదు. బహుదినములు పస్తుండి ఒక్కసారి కడుపునిండ తినుట ప్రాణములకే ముప్పు.

ఇచ్చట అంబరీషోపాఖ్యానము స్మరింపదగినది. పోతన భాగవతము నవమస్కంధమున ఆ కథ కలదు. ద్వాదశీవ్రతము ముగించి మూడు రాత్రులు ఉపవసించిన రాజు పారణకు సిద్ధపడగా దుర్వాసుడు అతిథిగా వచ్చినాడు. స్నానమునకు కాళిందికి పోయి మరలిరాలేదు. ద్వాదశి దాటిపోవుచున్నది. అతిథికంటె ముందు తినుట తప్పు. వేళకు పారణ చేయకుండుటయు తప్పు. రాజు పెద్దల నడిగి నీరు మాత్రము త్రాగినాడు. సాధారణముగా చెప్పువారు ముని కోపమును, చక్రమును చెప్పి ముగింతురు. కాని ఆ నీటి గ్రుక్కలో ఒక ధర్మము కలదు. ఉపవాసమునకు మొదలెంత ముఖ్యమో తుద అంత ముఖ్యము. ఎంతకాలము మానితివని మాత్రమే కాదు, ఎప్పుడు, ఎట్లు, ఎంతతో విడిచితివని శాస్త్రము అడుగును. తెలిసినవారి నడుగకుండ అంతటి రాజే నిర్ణయింపలేదు.

మొదట అడిగిన ప్రశ్నకు ఇదియే సమాధానము. పుణ్యము భక్తి ననుసరించి పెరుగును. దానికి కొలత లేదు. బరువు లెక్కకు కొలత కలదు. తినదగినవాడు వేళకు, మితముగా తినవలెను. తినక తీరనివాడు తప్పక తినవలెను. జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించిన 2,000 కెలోరీల కంచములో బియ్యము, చిరుధాన్యములు కలిపి 250 గ్రాములు. కాయగూరలు, ఆకుకూరలు 400 గ్రాములు. పప్పులు, గ్రుడ్లవంటివి 85 గ్రాములు. నూనె 27 గ్రాములు. అన్నముకంటె కూర ఎక్కువ! తాతలనాటి జొన్నరొట్టె, తోటకూర, మజ్జిగ ఈ లెక్కకు దూరము కాదు.

రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు ఒక చిన్న విన్నపము. వార్తాపత్రికల బల్ల ప్రక్కన ఒక దర్జీటేపు వ్రేలాడదీయుడు. పురుషుని నడుము 90, స్త్రీ నడుము 80 సెంటీమీటర్లు దాటినచో పుస్తకము తిరుగవేసికొను కాలము వచ్చినదని అర్థము. ఆ గీత దాటినవారు రాత్రి కంచములో ఒక గరిటె అన్నము తగ్గించి కాలువకట్ట వెంబడి నడువవలెను. దాటనివారు తమ ఇంట చిక్కియున్నవారి కంచమువైపు చూడవలెను. ఒక్కపొద్దు ఉన్నవానికి ఆరోగ్యమును, లేనివానికి అన్నమును మిగిల్చిననాడే ఆ మాట సార్థకము.