శ్రీకాకుళసీమ – నేల, నీరు, జనులు



ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగును, దానితోపాటు భూగోళమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. నేడు మా శ్రీకాకుళము జిల్లాను గూర్చి ప్రసంగింపదలచితిని. మాది వెనుకబడిన జిల్లా యని పలువురు చెప్పగా వినుచుందును. వెనుకబడినది నేలయా, నీరా, జనులా యని విచారించుటయే నేటి నా పని.

ముందు నేలను జూతము. పడమట తూర్పుకనుమలు, తూర్పున బంగాళాఖాతము. నడుమ సన్నని మైదానము. ఒడిసాలోని కలహండి కొండలలో బుట్టిన వంశధారా నాగావళులు ఒక్కొక్కటి సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి, మొదటిది కళింగపట్టణమువద్దను, రెండవది కళ్లేపల్లివద్దను సముద్రమును జేరుచున్నవి. వంశధార యొడ్డున ముఖలింగక్షేత్రమును, శాలిహుండములోని బౌద్ధస్తూపములును గలవు. కళింగపట్టణము ఒకప్పుడు ఓడలు నిలిచిన రేవు. ఇంతటి చరిత్రను పోషించిన నేలను గొడ్డునేల యనుట ఎట్లు?

ఉత్తరమున ఉద్దానము గలదు. ఉద్యానమే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనసతోటలతో అది యా పేరునకు తగియే యున్నది. కాని 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినపుడు లక్షలాది చెట్లు కూలిపోయెను. తాత నాటిన కొబ్బరి ఒక్క రాత్రిలో పడిపోవును. మనుమడు నాటినది కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ నడుమ ఇల్లు గడచుట ఎట్లు? పైగా ఆ సీమను మూత్రపిండవ్యాధి చిరకాలముగ పీడించుచున్నది. హిరమండలము జలాశయమునుండి త్రాగునీటిని దెచ్చు పథకము 2023 డిసెంబరులో ప్రారంభమైనది.

ఇక జనుల మాట. 1950 ఆగస్టు 15వ తేదీన విశాఖపట్టణము జిల్లానుండి విడివడి మా జిల్లా యేర్పడినది. 2022లో దీని యెల్లలు మారినవి. నేను చెప్పు అంకెలు పూర్వపు టెల్లలకు సంబంధించినవి. 2001లో 25,37,593గా నున్న జనసంఖ్య 2011 నాటికి 27,03,114 అయినది. పెరుగుదల నూటికి ఆరున్నర; నాటి రాష్ట్రమంతటి పెరుగుదల నూటికి పదునొకండు. వేయిమంది పురుషులకు 1015 మంది స్త్రీలు గలరు. మగవారు పరస్థలములకు బోవుట ఇందులకు ఒక కారణము.

ఏల పోవుచున్నారు? కొండలు తీరమునకు చేరువగుటచే వాననీరు వాలున బడి వేగముగ కడలిపాలగును. వంశధారపై గొట్టా ఆనకట్ట యున్నను, కాలువనీరందని యూళ్ల వ్యవసాయము వానను, చెరువును నమ్ముకొనినది. చెరువెండిన పిమ్మట పని లేదు. ఇక తీరము సుమారు 193 కిలోమీటర్లున్నను పెద్ద మరపడవలు నిలుచు రేవుల కొరతచే జాలరులు గుజరాతులోని వేరావలునకు బోయి యచటి పడవలలో కూలికి వేటాడుదురు. అట్లు పోయి 2018లో పాకిస్థాను వారికి చిక్కిన ఉత్తరాంధ్ర జాలరులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు.

ఒకనాడు తరగతిలో పటము వ్రేలాడదీసి, "మన సముద్రమును చూపుము" అని ఒక జాలరి పిల్లవాని నడిగితిని. వాడు తూర్పుతీరమును విడిచి గుజరాతు అంచున వ్రేలుంచెను. పిల్లలు నవ్విరి. నేను బెత్తమెత్తితిని. "మా అయ్య ఏటకెళ్లేది ఇక్కడేనండి" యని వాడనెను. బెత్తము దించితిని. భూగోళము నాకన్న వానికే బాగుగ దెలియును. మరుసటి యేడు హాజరుపట్టీలో వాని పేరునకెదురుగ "వలస" యని వ్రాసిన చేయి నాదే.

కావున శ్రోతలారా, మా నేల వెనుకబడినది కాదు. జనులు సోమరులు కారు. కొండనీటిని నిలుపు చెరువులు, పడవను నిలుపు రేవులు, కూలిన తోట మరల కాచువరకు రైతునకు ఆదరువు. ఈ మూడును సమకూరినచో మావారు ఇల్లు విడువరు. హైదరాబాదులోనో, చెన్నపట్టణములోనో మేడ గట్టుచోట మా సీమయాస మీ చెవిని బడినపుడు నవ్వక, "ఏ యూరు నాయనా?" యని యడుగుడు. సంక్రాంతికి ఇల్లు చేరవలెనని దినములు లెక్కించుకొనుచున్నవాడు మీకు సంతోషముతో బదులు చెప్పును.