కాపాడు చేతులకు శిక్షణ



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో నేడు జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు, టీకా కర్మాగారములు, పెద్ద విద్యాలయములు వెలసియున్నవి. మేడ్చల్‌లో కర్మాగారముగల శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయముగా తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను వెలువరించినది. కరోనా కాలమున, 2021లో, జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాక్సిన్ టీకా దేశప్రజలకు అందినది.

ఈ కీర్తిలో శాస్త్రజ్ఞులతోపాటు మరికొందరికిని భాగము కలదు. కరెంటు, నీరు, చల్లదనము, పరిశుభ్రత అను నాలుగింటిని రాత్రింబవళ్లు కనిపెట్టియుండు నిర్వహణ కార్మికులే వారు. హెపటైటిస్-బి టీకాను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య నిలుపవలెను. వేడి తగిలినను చెడును, గడ్డకట్టినను చెడును. కావున చలిగదిని కాచువారు యంత్రము తిరుగుచున్నదని తృప్తిపడరాదు. ఉష్ణమాపకమును చూచి, వేళకు పుస్తకమున వ్రాసి, తేడా కనబడినంతనే పైవారికి తెలుపవలెను. కరెంటు పోకమునుపే జనరేటరును పరీక్షించి యుంచవలెను. చెడినదానిని బాగుచేయుట సగము విద్య. చెడకుండ కాచుట మిగిలిన సగము.

పనిలో చేరిన పిదప వారే నేర్చుకొందురులే యని మన బిడ్డలను హెల్పర్లుగా పంపుట తగదు. ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియన్ శిక్షణ రెండేండ్లు, శీతల యంత్రముల మెకానిక్ శిక్షణ రెండేండ్లు, ప్లంబరు శిక్షణ ఒక యేడు. 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద భత్యము పొందుచు కర్మాగారములోనే పని నేర్వవచ్చును.

అన్నిటికన్న ముందు నేర్వవలసినది ప్రాణరక్షణ. సెప్టిక్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడు వాయువు హెచ్చినప్పుడు ముక్కునకు వాసన పట్టు శక్తియే పోవును. వాసన లేదు గనుక భయము లేదని దిగినవాడు తిరిగి రాడు. అతనిని రక్షింపబోయి దిగిన రెండవవాడును రాడు. రక్షణ సాధనములు లేకుండ మనుష్యుని అందు దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. ఇట్టి మరణములకు 30 లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలెనని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించినది. ఎంత పరిహారము వచ్చినను పోయిన బిడ్డ రాడుగదా!

కావున తల్లిదండ్రులకును, పంచాయతీ పెద్దలకును మా విన్నపము ఇది: బిడ్డను పనికి పంపునప్పుడు జీతమెంత యని అడుగుటతో ఆగకుడు. ఏ శిక్షణ నిత్తురు, ఏ రక్షణ నిత్తురు అనియు అడుగుడు. ప్రమాదకరమైన పనికి “దిగను” అని నిలువగలుగుటయు నైపుణ్యమేనని మన యువజనులకు నేర్పుదము.