ఎంఆర్ఐ గదిలోకి ఇనుము వద్దు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పు, కిస్తీల గురించి అందరూ మాట్లాడారు. మేము మాత్రం ఈ ఏడాది మేము చేసిన ఒక తప్పు చెప్పుకుందామని వచ్చాం.

మా సంఘంలో ఒక వదినకు నడుము నొప్పి. కాలు లాగేస్తోంది, రాత్రిళ్లు నిద్ర లేదు. డాక్టరు గారు ఎంఆర్ఐ తీయించమన్నారు. సంఘం నుంచి అప్పు ఇచ్చి, మాలో ఇద్దరం తోడు వెళ్లాం. అక్కడ సిస్టరమ్మ ఒంటి మీద ఉన్నవన్నీ తీసేయమంది. గాజులు, కమ్మలు, మెట్టెలు తీసింది గానీ సూత్రాలతాడు దగ్గరికి వచ్చేసరికి వదిన కళ్లల్లో నీళ్లు. "ఆయన ఉండగా ఎలా తీస్తానమ్మా" అంది. అప్పుడు మేమేం చెయ్యాలి? నచ్చజెప్పాలి. కానీ మేమేమన్నామంటే, "లోపలికి దోపుకో వదినా, ఎవరు చూస్తారు" అన్నాం.

లోపలికి పంపే ముందు ఆ అమ్మాయి చేతి మిషన్‌తో ఒళ్లంతా చూసింది. మెడ దగ్గర కుయ్‌మంది. తీసి చూస్తే సూత్రాలకు రెండు పిన్నీసులు తగిలించి ఉన్నాయి. మనందరికీ ఉండే అలవాటే కదా! ఆ అమ్మాయి మమ్మల్ని కేకలేసింది. "ఆ పిన్నీసు కంట్లో గుచ్చుకుంటే ఎవరిది పూచీ?" అంది. కోపం వచ్చింది గానీ తర్వాత తెలుసుకుంటే ఆ అమ్మాయి మాటే నిజం.

ఎంఆర్ఐ అంటే ఎక్స్‌రే లాంటిది కాదు. అది ఒక పెద్ద అయస్కాంతం. చాలా ఆసుపత్రుల్లో ఉండేది 1.5 టెస్లా మిషన్. అంటే భూమికి ఉండే అయస్కాంత బలం కన్నా దాదాపు 30 వేల రెట్లు. ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసింది ఏమిటంటే, స్కాన్ తీయకపోయినా, చప్పుడు రాకపోయినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. ఫ్యాను కట్టినట్టు కట్టేది కాదు. పిన్నీసు లాంటి చిన్నది కూడా గాల్లో లేచి దూసుకుపోతుంది. మధ్యలో మనిషి ఉంటే మనిషికి తగులుతుంది.

2018 జనవరిలో ముంబైలో 32 ఏళ్ల అబ్బాయి బంధువుల పెద్దావిడకు తోడుగా వెళ్లి ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఆ గదిలోకి అడుగుపెట్టాడు. మిషన్ ఆపి ఉందని ఆసుపత్రి మనిషే చెప్పాడని ఇంటివాళ్లు చెప్పినట్టు పేపర్లలో వచ్చింది. అయస్కాంతం సిలిండరుతో పాటు అబ్బాయినీ లాగేసింది. ప్రాణం పోయింది. 2025 జులైలో అమెరికాలో న్యూయార్క్ దగ్గర, స్కాన్ అయిన భార్యను లేపడానికి లోపలికి వెళ్లిన 61 ఏళ్ల మనిషి మెడలో సుమారు 9 కిలోల ఇనుప గొలుసు ఉంది. ఆయనా బతకలేదు. చూశారా, ఇద్దరూ రోగులు కారు. తోడు వెళ్లినవాళ్లే. మనలాంటివాళ్లే.

"మాది బంగారం కదా, అయస్కాంతం లాగదు కదా" అంటారు. నిజమే, మేలిమి బంగారాన్ని లాగదు. కానీ కొక్కెంలో, పిన్నులో ఏ లోహం ఉందో మనకేం తెలుసు? పైగా ఒంటి మీద ఏ లోహమైనా స్కాన్‌లో వేడెక్కి కాల్చవచ్చు, బొమ్మ కూడా చెడిపోతుంది. అప్పు చేసి కట్టిన డబ్బు వృథా.

కాబట్టి ఇవన్నీ బయటే వదలాలి: తలపిన్నులు, పిన్నీసులు, మెట్టెలు, మొలతాడుకు ఉన్న తాయెత్తు, తాళంచెవులు, చిల్లర, సెల్‌ఫోను, ఏటీఎం కార్డు, చెవి మిషన్, కొక్కేలున్న లోబట్టలు. జరీ చీర కట్టుకుని వెళ్లకండి. మెట్టెలు ఊడి రాకపోతే దాచకుండా చెప్పండి, సబ్బు నీళ్లతో తీయొచ్చు.

ఒంట్లో ఉన్నవి ఇంకా ముఖ్యం. గుండెకు పేస్‌మేకరు, స్టెంటు, మెదడు ఆపరేషన్‌లో వేసిన క్లిప్పు, ఎముకలో రాడ్డు, కాపర్‌-టి, ఏది ఉన్నా ముందే చెప్పాలి. వెల్డింగు పని చేసేవాళ్ల కంట్లో ఇనుప రజను ఉండిపోవచ్చు, అదీ చెప్పాలి. కడుపుతో ఉంటే అదీ చెప్పాలి. ఉంటే స్కాన్ అసలు తీయరని కాదు, చాలావాటికి జాగ్రత్తలతో తీస్తారు. పాత ఆపరేషన్ కాగితాలు తీసుకువెళ్లండి.

ఆ రోజు వదినకు మా పెద్దమ్మ ఒకామె ఫోన్‌లో దారి చెప్పింది. పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకోమంది. సిస్టరమ్మను అడిగితే సరేనంది. వదిన నిబ్బరంగా లోపలికి వెళ్లింది. ఇప్పుడు వైద్యం జరుగుతోంది, నెమ్మదిగా నడుస్తోంది.

అందుకే మా సంఘం మూడు తీర్మానాలు చేసుకుంది. స్కాన్‌కు ఎవరు వెళ్లినా ఒక సభ్యురాలు తోడు వెళ్లి నగలు రాసుకుని భద్రంగా పెట్టాలి. వెంట పసుపు తాడు తీసుకువెళ్లాలి. పిలవకుండా ఆ గది గడప ఎవరూ దాటకూడదు, లోపల మన మనిషి ఏడ్చినా సరే, సిబ్బందినే పిలవాలి.

తాళి తీసినంత మాత్రాన ఎవరి ఆయుష్షూ తగ్గదు అక్కల్లారా. దాచిన పిన్నీసు వల్ల మాత్రం కన్ను పోవచ్చు. మేము చేసిన తప్పు మీరు చేయకండి. మీ ఊళ్లో సమావేశంలో ఈ మాట ఒక్కసారి చెప్పండి.